పక్క తోట ఈగలు

మామిడికాయల దొంగతనం కింద నన్ను ఠాణాకు పిలిపించారు. చెట్టెక్కి తెంపిన కాయలు కావవి. కింద రాలి, కుళ్ళి, పురుగు పట్టి, గొడ్లు కూడా మూతి పెట్టని కాయలు. ఇది జరిగి కొంతకాలమైంది. మా చుట్టాల్లో కొందరు దీన్ని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు మాత్రం నవ్వు రాదు.

మా తోట లక్సెట్టిపేట నుంచి గోదావరి వైపు లోపలికి పోయే దారిలో ఉంది. నేను పుట్టి పెరిగింది బెల్లంపల్లిలో, గని కార్మికుడి ఇంట్లో. మా బాపుకు భూమి పైన ఏం పండుతుందో కన్నా భూమి కింద ఏముందో ఎక్కువ తెలుసు. పెళ్ళయ్యేదాకా మామిడి చెట్టును పూత నుంచి కోత దాకా నేను చూసి ఎరగను. పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆయన మస్కట్ వెళ్ళిపోయాడు. తోట నా మీద పడింది. నీళ్ళు పెట్టడం, కొమ్మలు కత్తిరించడం, కోతులను తోలడం, బేరగాళ్ళతో వాదించడం అన్నీ నేర్చుకున్నాను. ఆయన తిరిగి వచ్చి ఇక పోనని చెప్పేనాటికి బంగినపల్లి చెట్లు బాగా ఎదిగి ఉన్నాయి. ఓ మూలకు దసేరి, కంచె పొడుగునా ఒక వరస హిమాయత్.

పండు ఈగ సంగతి నాకు మొదట చెప్పింది నాగపూర్ నుంచి వచ్చిన బేరగాడు. మా కాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పైకి నిగనిగలాడుతూనే ఉంది. తొడిమకు కాస్త కింద సూది గుచ్చినట్టు ఒక నల్లటి చుక్క, దాని నుంచి రసం కారి ఎండిన మరక. చాకుతో కోసి నా ముందు పెట్టాడు. లోపల తెల్లటి పురుగులు మెసులుతున్నాయి.

"అక్కా, గీ మాల్ నడ్వది. గిది ఒక్క పెట్టెల పోతె నా బండి మొత్తం వాపస్ పంపుతరు" అన్నాడు.

ఏడాదంతా పెంచుకున్న పంట మీద అతను మళ్ళీ కన్నెత్తి చూడలేదు. తప్పు అతనిది కాదని తెలిసినా అతని బండి వెళ్ళిపోతుంటే వెనక నుంచి రాయి విసరాలనిపించింది.

ఆ తర్వాత వ్యవసాయ శాఖ నుంచి ఒక అమ్మాయి మా తోటకు వచ్చింది. చెట్ల కింద తిరిగి, రాలిన కాయలను చీల్చి చూసింది. మందు కొట్టి ఏం లాభం లేదని, కాయ లోపలికి పోయిన పురుగుకు పైన కొట్టిన మందు తగలదని చెప్పింది. ఎర డబ్బాలు కట్టమంది. లక్సెట్టిపేటలో మందుల దుకాణానికి వెళ్ళి తెచ్చుకున్నాం. ప్లాస్టిక్ డబ్బా, పక్కలకు చిల్లులు, లోపల తీగకు వేలాడే చిన్న చెక్క ముక్క. ఆ చెక్కకు మిథైల్ యూజినాల్ అనే ద్రావకాన్ని, దాంతోపాటు కొంచెం పురుగుమందును బాగా పీల్పించి ఉంచుతారు. మూత తీస్తే లవంగం వాసనలాంటిది గుప్పుమంటుంది.

"గీ వాసనకు మగ ఈగలే వస్తయి అక్కా" అని చెప్పిందా అమ్మాయి. "లోపల చెక్క మీద వాలి చస్తయి. మగవి లేకపోతె ఆడ ఈగ పెట్టిన గుడ్లు పొల్లు పోతయి, పురుగు పుట్టది. కని డబ్బాలొక్కటే సాలయి. రాలిన కాయ రాలినట్టే ఏరి లోతుగ పూడ్వాలె. పక్క తోటోళ్ళు గూడ చెయ్యాలె. ఈగకు కంచె ఎరుక లేదు కద."

నీడ ఉన్న కొమ్మలు చూసి మా ఆయనా నేనూ డబ్బాలు కట్టాం. చివరి డబ్బా కట్టి వెనక్కి తిరిగేసరికే మొదటి డబ్బా చుట్టూ ఈగలు ముసిరి ఉన్నాయి. ఇంట్లో వాలే ఈగల్లా నల్లగా ఉండవివి. సన్నటి నడుము, రెక్కలు పారదర్శకం, ఒంటి మీద పసుపు చారలు. ఒకటొకటే చిల్లులోంచి దూరి, చెక్క మీద వాలి, కింద పడిపోయాయి. సాయంత్రానికి డబ్బాల అడుగు కనిపించలేదు. చచ్చిన ఈగలను చూసి అంత సంతోషపడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

తోట నడుమ చెట్లకు ఆ ఏడు మచ్చ తగ్గింది. కంచె పక్క హిమాయత్ వరస మాత్రం మారలేదు. కోసిన కాయ కోసినట్టే పురుగు. డబ్బాలు నిండుతూనే ఉన్నాయి, కాయలు కుళ్ళుతూనే ఉన్నాయి. కారణం వెతకడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. కంచె అవతలికి చూస్తే చాలు.

అవతలి తోట ఒకప్పుడు మా ఊరివాళ్ళదే. వాళ్ళు అమ్ముకుంటే కరీంనగర్‌లో ప్లాట్లు చేసి అమ్మే వ్యాపారి ఒకాయన కొన్నాడు. రోడ్డు వైపు ఎత్తుగా గోడ కట్టించి, ఇనుప గేటు పెట్టించాడు. లోపల చిన్న ఇల్లు, దాని ముందు సిమెంటు బల్లలు. ఆదివారాలు కార్లలో దోస్తులను తీసుకుని వచ్చి, వండించుకుని తిని వెళ్ళేవాడు. చెట్లు కాపుకొచ్చినా కోయించేవాడు కాదు. నాలుగు పండ్లు తినేవారు, మిగతావి రాలిపోయేవి. రాలిన కాయలు చెట్ల కింద పొరలు పొరలుగా పేరుకుపోయేవి. గాలి ఇటు తిరిగితే కుళ్ళు వాసన మా ఇంటి దాకా వచ్చేది. ఒక్కో కాయలో ఎన్ని పురుగులో, ఒక్కో పురుగూ మట్టిలోకి దిగి ఈగై లేచి ఎటు వస్తుందో నాకు తెలుసు గనక ఆ వాసన తగిలినప్పుడల్లా కంచె దాకా పోయి చూసి వచ్చేదాన్ని.

ఒక ఆదివారం మా ఆయనను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. కాపలాదారు లోపలికి వెళ్ళి అడిగి వచ్చి మమ్మల్ని రానిచ్చాడు. సారు చెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు గానీ మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదే నాకు ఎక్కువ మండింది.

"చూడమ్మా, నేను ఇక్కడికి ప్రశాంతంగా ఉండడానికి వస్త. వ్యాపారం కోసం కాదు. కాయలు రాలుతయి, మట్టిల కలుస్తయి. అది ప్రకృతి. దాంట్ల మనం చెయ్యి పెట్టొద్దు" అన్నాడు.

"మట్టిల కల్వకముందే పురుగై, ఈగై మా తోట మీద పడుతున్నయి సార్" అన్నాను.

"ఈగల సంగతి నేనే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్న. మీరు డబ్బాలు కట్టినంక ఊళ్ళె ఈగలన్నీ ఇటే వస్తున్నయట. పోయిన వారం మా వాళ్ళు బిర్యానీ తినలేకపోయిండ్రు. ఆ కంచె పక్క డబ్బాలు జర తీసెయ్యుండ్రి."

బిర్యానీ మీద వాలేవి వేరే ఈగలని, మావి మామిడికాయను తప్ప అన్నాన్ని ముట్టవని చెప్పాను. ఆయన నవ్వి పక్కనున్న దోస్తు వైపు చూశాడు. ఆ దోస్తు కూడా నవ్వాడు. నేను గొంతు తగ్గించుకున్నాను. అడగవలసింది అడగాలి కదా.

"సార్, మీకు ఏం పని లేదు, ఏం ఖర్చు లేదు. రాలిన కాయలు మేమే ఏరుకపోయి మా జాగల పూడుస్తం. మీరు గేటు తియ్యమని ఒక్క మాట చెప్పుండ్రి."

"ఆలోచిద్దాం" అన్నాడు.

ఆ ఆలోచన తెగలేదు. మా ఆయన ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

మృగశిర కార్తె ఇంకా రాకముందే ఒక సాయంత్రం గాలి దుమారం లేచింది. తెల్లారి చూస్తే అవతలి తోటలో నేల కనబడటం లేదు, అన్నీ కాయలే. మా హిమాయత్ కోతకు ఇంకా సమయం ఉంది. ఈ కాయల్లోంచి ఈగలు లేచాయంటే మాకు ఒక్క కాయ మిగలదు. నేను గేటు దగ్గరికి పోయి కాపలాదారును పిలిచి, కాయలు ఏరుకోనిమ్మని అడిగాను. ఆయన బోథ్ వైపు మనిషి, పెద్ద వయసు. పనికి మనుషులు దొరకక సారు ఆయనను అంత దూరం నుంచి తెచ్చి పెట్టుకున్నాడు. నన్ను బాయీ అని పిలిచేవాడు.

"బాయీ, సారుకు ఎరుకైతె నా నౌకరి పోతది" అన్నాడు. కాసేపు కాయల వంక చూశాడు. ఆయనకూ చేను ఉండేదట ఒకప్పుడు. "పొద్దుగాల నేను చాయ్ తాగనీకి పోత. గప్పుడు గేటుకు తాళం ఉండది. నేనైతె మిమ్ముల చూడలే."

అలా మొదలైంది. మా తోటలో పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్ళూ నేనూ తెల్లవారగానే లోపలికి పోయేవాళ్ళం. పట్టుకుంటే చేతిలో చితికిపోయే కాయలు. మోచేతుల దాకా రసం కారేది, దాని మీద పురుగులు పాకేవి. సంచుల్లో నింపి ఈడ్చుకొచ్చి మా జాగాలో మా ఆయన తవ్విన గుంతలో పోసేవాళ్ళం. ఆయన మీద మట్టి కప్పి తొక్కేవాడు. ఇంకొకరి గలీజును నా చేతులతో ఎత్తుతున్నానన్న కోపం ఒకవైపు ఉన్నా, గుంత పూడ్చిన ప్రతిసారీ మాత్రం ప్రాణం కాస్త తెరిపిన పడేది.

ఒక పొద్దున ఆదివారం కాకపోయినా సారు కారు వచ్చింది. మేము చెట్ల నడుమ సంచులతో ఉన్నాం. ఆయన కారు దిగి, ఏమీ అడగకుండా ముందు ఫోన్ తీసి మమ్మల్ని వీడియో తీశాడు. మాతో ఉన్న ఆడవాళ్ళు మొహాలకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను పెట్టుకోలేదు.

"నా తోటల నా కాయలు ఎత్తుకపోతున్నరు. దీన్ని ఏమంటరమ్మా?" అన్నాడు.

"కుళ్ళిన కాయలు సార్. చూడుండ్రి" అని ఒక కాయ చీల్చి చూపించాను. ఆయన దాని వైపు చూడలేదు. ఫోన్ వైపే చూస్తున్నాడు.

మధ్యాహ్నం నాకూ ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ ఠాణా నుంచి పిలుపు వచ్చింది. మా ఆయన బండి తీశాడు. నేను ఆ పొద్దున నింపిన సంచుల్లో ఒకదాన్ని బండి మీద పెట్టమన్నాను. ఎందుకన్నాడు. పెట్టమన్నాను.

ఠాణా వరండాలో సారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మేము నిలబడ్డాం. ఎస్సై మా పిల్లల కన్నా కాస్త పెద్దవాడేమో. వీడియో చూసి మా వైపు చూశాడు. కాపలాదారును పిలిచి, వీళ్ళు లోపలికి ఎలా వచ్చారని అడిగాడు. ఆ పెద్దమనిషి నేల చూపులు చూస్తూ, "కంచె దునికి వచ్చిండ్రు సారు" అన్నాడు. మాతో వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె నోరు తెరవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఈ వయసులో ఆయనకు ఇంకో నౌకరి ఎవరిస్తారు? ఆయన మీద నాకు కోపం రాలేదు. నా కోపానికి అర్హుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మా, ఏం చెప్తవ్?" అన్నాడు ఎస్సై.

నేను సంచి మూతి విప్పి వరండాలో గుమ్మరించాను. కాయలు చితికి, రసం చిమ్మి, కంపు లేచింది. బాగా ఎదిగిన ఈగ పురుగు పాకడమే కాదు, ఒళ్ళు వంకీలా చుట్టి ఎగిరి దుముకుతుంది. గచ్చు మీద తెల్లగా, చిటపటమని దుముకుతున్నాయి. ఒకటి ఎస్సై బూటు మీద పడింది. ఆయన వెనక్కి జరిగాడు.

"గివీ సార్ నేను దొంగిలించినవి. అమ్ముకుంటనా, తింటనా, మీరే చెప్పుండ్రి" అన్నాను.

దాన్ని చూశాక ఎవరికైనా అర్థమవుతుందని నేను నమ్మాను. ఎస్సైకి కోపం వచ్చింది.

"ఠాణా అనుకున్నవా, చెత్తకుండీ అనుకున్నవా? ముందు గిది సాఫ్ చెయ్" అని అరిచాడు.

మా ఆయన అప్పటికే వంగి ఉన్నాడు. "తప్పైంది సార్. మల్ల పోం సార్. తప్పైంది" అంటూ రెండు చేతులతో ఆ కుళ్ళిన కాయలను సంచిలోకి ఎత్తుతున్నాడు. దుమికే పురుగులను అరచేత్తో దగ్గరికి కూడదీస్తున్నాడు.

సారు కుర్చీలోంచి లేచి, పెద్దమనసు చేసుకున్నట్టు, "పోనియ్యండి సార్, కేసు గీసు ఏం వద్దు. చదువుకోనోళ్ళు, వాళ్ళకేం తెలుస్తది" అన్నాడు. నేను బెల్లంపల్లిలో డిగ్రీ చదివాను. ఆ మాట చెప్పడం కూడా నాకు సిగ్గనిపించింది. చదువుకోని వాళ్ళతో మాత్రం అట్లా మాట్లాడవచ్చా?

బండి ఎక్కమంటే ఎక్కలేదు. ఎండలో నడిచాను. మా ఆయన బండిని తోసుకుంటూ నా పక్కనే నడిచాడు. చాలా దూరం పోయాక అన్నాడు:

"మస్కట్ల నా రూముల ఉండేటోడు ఒకసారి పోలీసులకు ఎదురు మాట్లాడిండు. వాడు మల్ల రూముకు రాలే. వాడు ఏమైండో ఇప్పటికీ మాకు ఎరుకలే. గా పోలీసు బట్టలు కనబడితె నా నోట్లకెళ్ళి గా ఒక్క మాటే వస్తది. నేనేం చెయ్యాలె?"

ఆయన చెప్పింది నిజమని తెలుసు. అయినా మూడు పూటలూ అన్నం పెట్టాను తప్ప కొన్నాళ్ళ దాకా ఆయనతో మాట కలపలేదు. తప్పు చేయనివాడు వంగి ఎత్తుతుంటే చేసినవాడు కుర్చీలోంచి క్షమించడం నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఆ ఏడు హిమాయత్ మొత్తం పోయింది.

తర్వాతి ఏడు పిందెల కాలంలోనే చుట్టుపక్కల తోటలవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాను. అందరం ఒకేసారి డబ్బాలు కడదామని అడిగాను. ఠాణా కథ అందరికీ తెలుసు గనక కొందరు నన్ను చూసి ముసిముసిగా నవ్వారు. నవ్వినవాళ్ళలో కూడా కొందరు కట్టారు, ఎందుకంటే వాళ్ళ కాయలకూ చుక్కలు పడుతున్నాయి. కంచె పొడుగునా నేను దగ్గర దగ్గరగా కట్టాను. వాసన పలచబడగానే చెక్కలు మార్చాను. హిమాయత్‌ను మాత్రం పండనివ్వలేదు. గట్టిగా ఉండగానే తెంపి తొక్కులు, పచ్చళ్ళు పెట్టేవాళ్ళకు ఇచ్చేశాను. తియ్యటి కాయను పుల్లగానే అమ్ముకోవడం నాకు ఇష్టమై కాదు. బంగినపల్లి బాగా నిలిచింది. నాగపూర్ బేరగాడు మళ్ళీ వచ్చి, కోసి చూసి పెట్టెలు దింపించాడు.

ఆ చలికాలంలో అవతలి తోటలోకి జేసీబీ వచ్చింది.

పొద్దున మొదలుపెట్టి చెట్లను ఒకటొకటే వేళ్ళతో సహా కూల్చారు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. వాటి కింద ఎన్ని పొద్దులు వంగి కాయలు ఏరానో, ఏ చెట్టు కాయ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పీచు నిండిన రసాలు, కొబ్బరిలాంటి పచ్చికాయలు, ముదురు మానులు. ఆ తోటలో తప్పు చేసింది చెట్లు కావు. కాపలాదారు గేటు బయట తన సామాను మూటతో కూర్చుని ఉన్నాడు. చెట్లు లేకపోతే కాపలా ఎందుకని పంపించేశారట. నేను అన్నం తెచ్చి పెడితే తిన్నాడు. ఠాణాలో మాట గురించి ఏదో అనబోయాడు, నేను అననివ్వలేదు. సాయంత్రం బస్సుకు బోథ్ వెళ్ళిపోయాడు.

సారు మరునాడు వచ్చాడు. అక్కడ ఫంక్షన్ హాలు కడతాడట, ముందు పచ్చగడ్డి పెంచుతాడట. కంచె దగ్గర మా ఇద్దరినీ చూసి తనే దగ్గరికి వచ్చాడు, పాత స్నేహితుడిలాగా.

"ఇగ మీకు ఈగల పరేషాన్ లేదు కదమ్మా. మీ బాధ చూసే ఈ పని చేసిననుకో" అన్నాడు.

"నేను కాయలు ఏరుతనన్న సార్. చెట్లు కొట్టుమన్లే" అన్నాను.

"రెండూ ఒకటే కదా. ఈగలైతె పోతయి."

నా పక్కన మా ఆయన కంచె తీగను పట్టుకుని ఉన్నాడు. ఆయన మెల్లగా అన్నాడు:

"ఒకటి కాదు సార్."

సారు ఆయన వైపు చూశాడు, ఇంకేమైనా అంటాడేమోనని. మా ఆయన చూపు దించలేదు. సారు ఫోన్ చెవికి పెట్టుకుని కారు వైపు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అక్కడ పెళ్ళిళ్ళు జరుగుతాయి. ముహూర్తాల రోజుల్లో డీజే మోతకు మా కిటికీలు అదురుతాయి. హిమాయత్ వరసకు మచ్చ చాలా తగ్గింది, పండనిచ్చి అమ్ముతున్నాం. నీకు మంచే జరిగింది కదా, ఇంకా ఎందుకు ఆ మనిషి మీద పళ్ళు నూరుతావని మా చెల్లె అడుగుతుంది. అది నేను అడిగిన సాయం కాదు. రాలిన కాయ ఏరుకోనిస్తే సరిపోయేది. ఆ కాస్త పనికి ఆయనకు తీరిక దొరకలేదు, తోట మొత్తం కూల్చడానికి దొరికింది.